ఎడబాటు కుర్చీ

డాక్టర్ వీరవేణి కనిపెట్టిన యంత్రం చూడ్డానికి పళ్ళ డాక్టరు దగ్గరుండే కుర్చీలా ఉంటుంది. ఉండడమేమిటి, అది పళ్ళ డాక్టరు కుర్చీయే. కాకినాడలో ప్రాక్టీసు మానేసిన ఒకాయన దగ్గర్నుంచి తెచ్చి, తల ఆనించే చోట అయస్కాంతాల టోపీ బిగించి, పక్కన ముక్కుతో పీల్చే మందు సిలిండరు నిలబెట్టారు. అంతే సరంజామా. ఈ మాత్రం దానికా ఢిల్లీ నుంచి జనం వచ్చి చూసిపోతున్నారు అనిపిస్తుంది. దాని సంగతి కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

కూర్చునే ముందు ఒక పేరు చెప్పాలి. భార్య పేరో, అన్న పేరో, కన్నబిడ్డ పేరో. మందు ఎక్కగానే ఆ మనిషి చచ్చిపోతారు. నిజంగా కాదు లెండి. ఆ మనిషి బయట వరండాలో బల్ల మీద కూర్చుని పల్లీలు నములుతూ ఉంటారు. లోపల కుర్చీలో ఉన్నవాళ్ళ బుర్రకు మాత్రం చావు కబురు అందుతుంది. శవాన్ని చూస్తారు, సాగనంపుతారు, తిరిగొచ్చి ఖాళీ మంచం చూస్తారు. నలభై నిమిషాల్లో తొమ్మిది రోజులు బతుకుతారు. తొమ్మిది రోజుల ఏడుపూ ఏడ్చి, కళ్ళు తెరిచి, తలుపు తీసుకుని బయటికొస్తే పోయినమనిషి ఎదురుగా కూర్చుని ఉంటారు.

ఆ తరవాత జరిగేది చూసి తీరాలి. ఆరేళ్ళుగా తమ్ముడితో మాటల్లేని రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన అందరికంటే ముందు కూర్చున్నాడు. గొడవ దేనికో ఇద్దరికీ సరిగ్గా గుర్తు కూడా లేదు. ఆయన బయటికొచ్చి, తమ్ముడి మోకాళ్ళ దగ్గర కూలబడి, "ఒరేయ్ నాన్నా, ఉన్నావురా" అని ఏడుస్తుంటే తమ్ముడికి ఏం చెయ్యాలో తోచక చేతిలోని పల్లీలు అన్నగారి నోట్లో పెట్టాడు.

వీరవేణికి ఈ ఆలోచన పుస్తకాల్లోంచి రాలేదు. ఐదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఎలుకల మీద చేస్తున్న ప్రయోగం సగంలో ఉండగా, మొగుడు గంగాధరరావు మూడుసార్లు ఫోను చేశాడు. మూడుసార్లూ కట్ చేసింది. నాలుగోసారి చేసింది ఆస్పత్రివాళ్ళు. గుండెనొప్పితో ఆటోలో ఒక్కడే బయల్దేరాడట, దార్లో పెళ్ళానికి ఆ మాట చెబుదామని చూశాడట. ఆ ఏడాదంతా వీరవేణి అన్నం ముందు కూర్చుంటే చాలు, ఆయన ఉండగా పట్టుమని పది నిమిషాలు ఎదురుగా కూర్చుని మాట్లాడలేదే అని కుమిలిపోయేది. అందరి బతుకూ అంతేగా, పోయాకే తెలుస్తుంది. అప్పుడు తెలిసి ఎవరికి లాభం? అదేదో మనిషి ఉండగానే తెలిస్తే? పోగొట్టుకోకుండానే ఆ బాధంతా పడగలిగితే? అలా అనుకుని, నాలుగేళ్ళు ఒక్క పట్టు మీద కూర్చుని ఈ కుర్చీ సాధించింది.

చిత్రమేమిటంటే, ఆ నాలుగేళ్ళలోనూ ఇంట్లో మిగిలిన ఒక్కగానొక్క కూతురు ధాత్రి ఏం తిందో, ఎప్పుడు పడుకుందో అడిగే తీరిక ఆవిడకు దొరకలేదు. దగ్గరివాళ్ళని దగ్గరున్నప్పుడే చూసుకోవాలని లోకానికి నేర్పే పనిలో అంతగా మునిగిపోయింది. నవ్వకండి. మనలో చాలామంది చేసేది ఇదే, కాకపోతే యంత్రం లేకుండా చేస్తాం.

మొదటి ముగ్గురితో ఒక చిక్కు వచ్చిపడింది. కళ్ళు తెరిచినా వాళ్ళ ఏడుపు ఆగలేదు. హెడ్మాస్టరుగారు తమ్ముణ్ణి వదలకుండా వెంట తిరిగాడు, స్నానాలగది తలుపు దగ్గర కూడా కాపలా కాశాడు. మూడో ఆవిడ బ్యాంకు ఆఫీసరు, అక్క పేరు చెప్పి కూర్చుంది. తలుపు తీసి వరండాలో అక్కని చూడగానే దెయ్యాన్ని చూసినట్టు కెవ్వుమని అరిచి, మళ్ళీ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. రెండు రోజులు జ్వరం. ఇలా అయితే అనుమతి రద్దు చేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది.

ల్యాబులో వీరవేణికి సాయం త్రిమూర్తులు ఒక్కడే. యాభై దాటినవాడు, ఇరవయ్యేళ్ళు ఆస్పత్రిలో ఈసీజీలు తీసి ఈ పనిలోకి వచ్చాడు. ఊరు ద్రాక్షారామం పక్కన. ఆ ఉత్తరం వచ్చిన రోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"మేడంగారూ, తప్పయితే తిట్టండి. మా అమ్మ పోయినప్పుడు తొమ్మిది రోజులూ నేను మనిషిని కాదండి. పదో రోజు రేవులో నువ్వులూ నీళ్ళూ దోసిట్లో పోసి మూడుసార్లు వదిలించారండి, ధర్మోదకం అంటారు చూడండి, అది. అప్పుడు లోపల్నించి ఏదో దిగిపోయిందండి. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. మనం ఈళ్ళని తొమ్మిది రోజులు ఏడిపించి పదో రోజు రాకుండానే లేపేస్తన్నాం. ఆ ఏడుపు ఎటు పోద్దండి మరి?"

వీరవేణి నవ్వబోయి ఆగింది. కుర్చీ వాడుకునేవాళ్ళ బుర్రలు చిన్నప్పటినుంచీ చూస్తున్నది అదే. నీళ్ళు వదిలాక ఇక ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకోవాలని వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ మందూ అంత లోతుకు పోదు. వారం తిరక్కుండా ఆవిడ దాన్ని పద్ధతిలో చేర్చి, 'ముగింపు చర్య' అని కాగితాల మీద పేరు పెట్టింది. మందు దిగుతూ ఉండగా, కళ్ళింకా మూతలు పడి ఉండగా, త్రిమూర్తులు రాగిచెంబుతో దోసిట్లోకి నువ్వుల నీళ్ళు పోస్తాడు. కూర్చున్నవాళ్ళు వాటిని స్టీలు బేసినులోకి మూడుసార్లు వదులుతారు. క్రైస్తవులకూ ముస్లింలకూ నీళ్ళ బదులు గుప్పెడు మట్టి.

మంత్రం వేసినట్టు పనిచేసింది. విత్తనాల కొట్టు నూకరాజు అలా నీళ్ళు వదిలిన మొదటి మనిషి. మెత్తగా లేచి, మొహం తుడుచుకుని, బయటికొచ్చి, పెళ్ళాం సీతారత్నం చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్దాం పదవే, నీకిష్టమైన కాజాలు కొంటాను" అన్నాడు. అరుపుల్లేవు, జ్వరాల్లేవు. ప్రేమ మాత్రం మిగిలింది. వీరవేణి త్రిమూర్తులుకి చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేసింది. అనుమతి నిలబడింది, వరండాలో రెండో బల్ల వెయ్యాల్సి వచ్చింది.

అంత పేరు మోగుతున్న రోజుల్లోనే ధాత్రికి కడుపునొప్పి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది పిల్ల. క్లాసులో మెలికలు తిరిగిపోతుంటే స్నేహితురాలు కల్యాణీ మిగతావాళ్ళూ ఆస్పత్రికి తీసుకుపోయారు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందన్నారు. ఆ పూట ఢిల్లీవాళ్ళు ల్యాబులో ఉన్నారు, వీరవేణి ఫోను సొరుగులో ఉంది. సాయంత్రం అయిదింటికి, ఆపరేషను అయిపోయి మత్తు కూడా దిగిపోయాక, ఆపిల్ పళ్ళ కవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎలా ఉందమ్మా?"

"బానే ఉంది." ధాత్రి పైకప్పు కేసి చూస్తోంది. "కాగితాల మీద సంతకం ఎవరు పెట్టారో తెలుసా? కల్యాణి వాళ్ళమ్మ. 'తల్లి' అని రాసి పెట్టేసింది. డాక్టరు ఏం అడగలేదు. ఆవిడ ఏడుస్తోంది కదా, నమ్మేసుంటాడు."

"ఢిల్లీవాళ్ళు ఉన్నారు ధాత్రీ, ఫోను సొరుగులో..."

"తెలుసు. నాన్నప్పుడు కూడా సొరుగులోనే ఉందా?"

వీరవేణి మంచం పట్టె పట్టుకుంది. ధాత్రి కోపంగా అనలేదు. పాఠంలో అర్థంకాని ముక్క అడిగినట్టే అడిగింది: "నేను కూడా చచ్చిపోతే తప్ప నీకు తీరిక దొరకదా అమ్మా?"

ఆ మాట వీరవేణి గుండెలో దిగబడిపోయింది. కుట్లు విప్పిన మర్నాడు పొద్దున్నే కూతుర్ని ల్యాబుకి తీసుకెళ్ళి, వరండాలో కూర్చోబెట్టి, లోపలికెళ్ళి కుర్చీ ఎక్కింది. "పేరు చెప్పండమ్మా" అన్నాడు త్రిమూర్తులు, తెలిసి కూడా. "ధాత్రి" అంది.

తొమ్మిది రోజులూ ఆవిడకు ఏ మినహాయింపూ దొరకలేదు. తను కట్టిన యంత్రమేనన్న జ్ఞానం మందుతోపాటే పోయింది. స్టీలు బల్ల మీద పిల్ల పాదాలు చూసింది, కుడికాలి చిటికెన వేలికి ఎర్ర గోళ్ళరంగు సగం ఊడి ఉంది. ఆ రంగు ఎప్పుడు కొనుక్కుందో తనకు తెలియదు. ఇంటికొచ్చాక దువ్వెనలో వెంట్రుకలు చూసింది. నాలుగో రోజు పక్కింటివాళ్ళు అడిగారు, అమ్మాయికి ఏవంటే ఇష్టమో చెబితే వండి పెడతాం అని. చెప్పలేకపోయింది. అయిదో రోజూ, ఆరో రోజూ ఆ ప్రశ్న దగ్గరే పడి దొర్లింది. పదో రోజు ఎవరో దోసిట్లో నీళ్ళు పోశారు. వదిలింది. ఒకటి, రెండు, మూడు.

కళ్ళు తెరిచి బయటికొచ్చేసరికి ధాత్రి బల్ల మీద బాసింపట్టు వేసుకుని ఫోను చూసుకుంటోంది. వీరవేణి ఆ పిల్ల పాదాలు రెండూ ఒళ్ళోకి లాక్కుని చూసింది. గోళ్ళకు ఏ రంగూ లేదు. "ఏంటమ్మా, జనం చూస్తున్నారు" అంది ధాత్రి సిగ్గుపడుతూ. "చూడనీ" అంది తల్లి.

ఆ తరవాతి రోజుల గురించి నాకు ఎక్కువ చెప్పాలని ఉంది, చెప్పడానికి మాత్రం అంతగా ఏమీ లేదు. సంతోషంగా ఉన్నవాళ్ళ ఇంట్లో ఏం జరుగుతుంది? వీరవేణి నాలుగింటికల్లా ఇంటికి వచ్చేసేది. కూతురు వంకాయ మానేసి మూడేళ్ళయిందని, చీకటంటే ఇంకా భయమేనని, లెక్కల మేష్టారిని అచ్చు దించినట్టు అనుకరిస్తుందని తెలుసుకుంది. తలకి నూనె రాసి జడ వేసేది. ధాత్రి మొదట్లో అనుమానంగా చూసింది, ఈ వైభోగం ఎన్నాళ్ళో అన్నట్టు. నెల తిరిగేసరికి ఆ అనుమానం కూడా పోయింది. ఆదివారాలు ఇద్దరూ బీచికి పోయి, తడిసిన పంజాబీ డ్రస్సులతో ఉప్పు మొహాలతో తిరిగొచ్చేవారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల అయిదేళ్ళ పిల్లయిపోయి, తల్లి వంట చేస్తుంటే గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. వీరవేణి ఆ పిల్ల నోటికేసి చూస్తూ కూర మాడ్చేసేది. అంత ప్రేమ తనలో ఎక్కడ దాక్కుందో ఆవిడకే తెలియలేదు.

వీరవేణి కుర్చీ దిగిన డెబ్బై ఒకటో రోజున సీతారత్నం ల్యాబుకి వచ్చింది. నూకరాజు పెళ్ళాం. వచ్చి, అప్పట్లో కూర్చున్న బల్ల మీద కూర్చోకుండా నిలబడింది.

"ఏమ్మా, మళ్ళీ తిడుతున్నాడా?" అంది వీరవేణి.

"తిడితే బాగుణ్ణండి." ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, తీసింది. "మూడు నెలలు దేవుళ్ళా చూసుకున్నారండి. ఇప్పుడు నన్ను 'మీరు' అంటన్నారు. నేను గదిలోకొస్తే లేచి నిలబడతన్నారు. అన్నం వడ్డిస్తే, 'మీకు శ్రమ ఇచ్చాను' అంటారండి. మొన్న, 'ఎన్నాళ్ళుంటారమ్మా ఇక్కడ' అనడిగారు. ముప్పై రెండేళ్ళు కాపరం చేసేనండి ఆయనతో. నా ఫొటోకి పటం కట్టించి, దండేసి, హాల్లో పెట్టారు. పొద్దున్నే దాని ముందు దీపం పెట్టుకుని కొట్టుకెళ్ళిపోతన్నారు. నేను పక్కనే నిలబడి ఉంటానండి. నన్ను చూడరు."

వీరవేణి వెంటనే నూకరాజు కొట్టుకి వెళ్ళింది. మినప విత్తనాల బస్తాల మధ్య అతను ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు.

"మీ ఇంట్లో ఉన్న ఆవిడ ఎవరో తెలుసా నూకరాజుగారూ?"

"భలేవారే. సీతారత్నం. కరప వాళ్ళమ్మాయి. మా పెళ్ళిలో వాన పడింది. అన్నీ గుర్తేనండి." అతను గొంతు తగ్గించాడు. "కానీ మేడంగారూ, నా భార్య పోయిందండి. చాలా మంచి మనిషి. కడుపారా ఏడ్చాను, నీళ్ళు వదిలాను. ఇప్పుడు మనసు తేలిగ్గా ఉంది. ఈవిడా మంచిదే, పాపం. నన్నేం చెయ్యమంటారో చెప్పండి."

ముగింపు చర్య చేయించుకున్నవాళ్ళు తనతో కలిపి ఇరవై ఆరుగురు. ఆ మధ్యాహ్నమే వీరవేణి అందరికీ ఫోన్లు చేసింది. తొంభై రోజులు దాటినవాళ్ళు పదకొండుమంది, పదకొండు ఇళ్ళలోనూ అదే కథ. ఒకడు కన్నకొడుకుని స్కూలు నుంచి తీసుకురావడం మర్చిపోతున్నాడు. ఒకామె మొగుడికి వేరే గదిలో పక్క వేసి, దుప్పటి సరిపోతుందా అని అడుగుతోంది. తొంభై దాటనివాళ్ళు మాత్రం అందరూ ఇంకా తమవాళ్ళని వదలకుండా ఉన్నారు. చివరికి ఆ మొదటి ముగ్గురికీ చేసింది. హెడ్మాస్టరు తమ్ముణ్ణి ఇంకా గంటకోసారి పిలుస్తున్నాడు, తమ్ముడు విసుక్కుంటున్నాడు. బ్యాంకు ఆఫీసరు అక్క పక్కనే పడుకుంటోంది. ఏడాది కావస్తున్నా వాళ్ళలో ఏ మార్పూ లేదు. వాళ్ళు చెయ్యనిది ఒక్కటే, నీళ్ళు వదలడం.

వీరవేణి కుర్చీ అంచు మీద కూలబడింది. ఏడుపు ఊరికే వచ్చేది కాదని అప్పుడు అర్థమైంది ఆవిడకు. పోయినమనిషిని లోపల్నించి ఒక్కొక్క పోగూ తెంపడానికి మెదడు పడే కష్టం అది. నీళ్ళు వదలమంటే తెంపడం పూర్తి చెయ్యమని చెప్పడం. చెప్పారు కాబట్టి అది బుద్ధిగా, తొంభై రోజుల్లో, పూర్తి చేసింది. బతికున్న మనిషి ఎదురుగా తిరుగుతున్నా దానికేం పట్టింది?

"డెబ్బై ఒకటి," అంది పైకే.

త్రిమూర్తులు మొహం పాలిపోయింది. "నా నోరు పడిపోనూ. నేనే కదండీ చెప్పేను."

"నువ్వు చెప్పావు. చేసింది నేను."

"ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి కదండీ." అతను దగ్గరికొచ్చాడు. "ఈ గదికి తాళం పెట్టెయ్యండి. ఇంటికెళ్ళి అమ్మాయిగారి పక్కన కూర్చోండి. ఆ పంతొమ్మిది రోజులూ లేవకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కూర్చుంటే పోతుంది త్రిమూర్తులూ. పోకుండా చెయ్యాలి. చెయ్యగలను."

ఇదిగో, ఇక్కడే నాకు ఆవిడ మీద కోపం వస్తుంది. అంత చదువుకున్న మనిషికి ఆ ఈసీజీ మనిషికి తోచినది తోచలేదు. మళ్ళీ ల్యాబులోనే పడింది. మందు మోతాదు మార్చింది, అయస్కాంతాలను తిరగేసి పెట్టింది, ఎలుకలకు ఎక్కించింది, తనకు ఎక్కించుకుంది. ఎక్కడ ఏ పోగు తెగుతోందో రోజూ తన తలకే పరీక్ష చేసుకుని చూసుకునేది. ఇంటికెళ్ళడం మానేసింది. కూతురికి ఏమీ చెప్పలేదు, చెబితే పిల్ల బెదిరిపోతుందని.

ధాత్రి మధ్యాహ్నాలు క్యారియర్ పట్టుకుని వచ్చి వరండాలో కూర్చునేది. వీరవేణి తలుపు కొంచెం తీసి క్యారియర్ అందుకుని, పిల్ల బుగ్గ నిమిరి, "కొద్దిరోజులు ఓర్చుకో బంగారం, ఇదంతా నీ కోసమే" అనేది. గడియ పెట్టుకున్నాక ఆ తలుపుకే ఆనుకుని ఏడ్చేది. తలుపు అవతల మనిషి, ఇవతల ప్రేమ. తలుపు తియ్యడానికి మాత్రం ఆవిడకు తీరిక లేదు.

ఎనభై తొమ్మిదో రోజున ధాత్రి తలుపు సందులో చెయ్యి పెట్టి ఆపింది. "అమ్మా, ఇవాళొక్క పూట ఇంటికి రా. ఏం వద్దు, ఊరికే కూర్చుందాం. నీ మొహం ఎలాగో ఉంది. నాకు భయమేస్తోంది."

వీరవేణి ఆ చేతిని కళ్ళకద్దుకుంది. అప్పటికింకా ప్రాణం కొట్టుకుంటోంది ఆ పిల్ల కోసం. లోపల ఎలుకకి మందు ఎక్కి అయిదు నిమిషాలయింది, లెక్కలు చూసుకోవాలి.

"రేపు వచ్చేస్తాను ధాత్రమ్మా. రేపు తప్పకుండా," అంది.

ఆ మర్నాడు పదకొండింటికి ఎలుక ప్రయోగం కూడా విఫలమైంది. వీరవేణి తలుపు తీసుకుని బయటికొచ్చింది. బల్ల మీద ఒక అమ్మాయి క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. ధాత్రి. తన కూతురు. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అన్నీ గుర్తున్నాయి. ఆ గుర్తుల వెనక ఏముండాలో వెతుక్కుంటూ కాసేపు నిలబడింది. ఏమీ తగల్లేదు. బాధ కూడా కలగలేదు, ఆకలి వేసింది. క్యారియర్ విప్పి, దొండకాయ వేపుడుతో కడుపునిండా తింది. గంగాధరరావు పోయిన దగ్గర్నుంచీ అంత రుచిగా అన్నం తిన్నది లేదు.

"చాలా బాగా చేశావమ్మాయ్," అంది, ధాత్రి కళ్ళు తెరిస్తే. "నీకు శ్రమ."

త్రిమూర్తులు గుమ్మంలో నిలబడి అదంతా విన్నాడు. ధాత్రిని పక్కకి తీసుకెళ్ళి, ఏడుస్తూ, జరిగిందంతా చెప్పాడు. ధాత్రి నమ్మలేదు. నమ్మడానికి ఆ పిల్లకు రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలూ వీరవేణి ఎంత మంచిగా ఉందో చెప్పలేను. కాలేజీకి టైముకి పంపేది. జ్వరమొస్తే మాత్రలు ఇచ్చి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేది. ధాత్రి బతిమాలింది, అరిచింది, అలిగింది. ఒకరోజు గాజు గ్లాసులన్నీ విసిరి కొట్టింది. వీరవేణి చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్చి, "కాళ్ళకు చెప్పులేసుకో అమ్మాయ్, గుచ్చుకుంటాయి" అంది. ధాత్రి చిన్నప్పటి ఫొటోలు ముందు పరిస్తే చూసి, ఎంతో ముద్దుగా ఉందని మెచ్చుకుంది. ఆ పిల్ల గదిలోంచి ఏడుపు వినబడితే, పాపం, తల్లి పోయిన పిల్ల కదా అనుకునేది. ఆ తల్లి తనేనన్న సంగతి తెలియక కాదు.

ఈలోగా తొంభై రోజుల సంగతంతా ఆవిడ రాసి పంపిన నివేదిక చదివి, కుర్చీని సీలు చెయ్యడానికి సోమవారం వస్తున్నామని పైనుంచి కబురు వచ్చింది. శనివారం పొద్దున్న ధాత్రి ల్యాబుకి వచ్చింది.

"నన్ను కూర్చోబెట్టు."

"దేనికి?"

"నువ్వు హాయిగా ఉన్నావు. నేను రోజూ నీ మొహం చూసి చస్తున్నాను." ధాత్రి గొంతు వణకలేదు, బహుశా ఇంట్లోనే వణికించుకుని వచ్చి ఉంటుంది. "నాకూ నీళ్ళు వదిలించు. తొంభై రోజుల తరవాత ఇద్దరం ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్ళలా ఉందాం. సంతకం నేనే పెట్టుకుంటాను. నాకు పంతొమ్మిది."

వీరవేణి ఆలోచించి చూసింది. తప్పేమీ కనబడలేదు. పోయినవాళ్ళను పట్టుకుని ఎన్నాళ్ళు వేళ్ళాడుతుంది ఈ పిల్ల? చిన్న వయసు, చదువుకోవాలి. "మంచి ఆలోచనే," అంది. ఫారం ఇచ్చింది. ధాత్రి దాని మీద 'వీరవేణి, తల్లి' అని రాసింది.

త్రిమూర్తులు చెంబు ముట్టుకోనన్నాడు. "నా చేత్తో పొయ్యనండి. ఉద్యోగం పోతే పోనీండి. ఆ పిల్ల నోట మీ పేరు చెప్పించి, ఆ పిల్ల చేతనే... నా వల్ల కాదండి."

"అయితే నేనే పోస్తాను," అంది వీరవేణి. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నలభై నిమిషాలు. మందు కింద ధాత్రి రెండుసార్లు నాన్నని పిలిచింది, తరవాత అంతా అమ్మనే. వీరవేణి గడియారం చూసుకుంటూ, టోపీ మీది దీపాలు చూసుకుంటూ, పద్ధతి ప్రకారం అన్నీ నడిపించింది. దీపాలు పసుపు రంగుకి వచ్చాక చెంబు అందుకుంది. ధాత్రి రెండు చేతులనూ దగ్గర చేర్చి, దోసిలి పట్టించి, నువ్వుల నీళ్ళు పోసింది.

"వదులమ్మాయ్."

ధాత్రి వదల్లేదు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా, ఆ దోసిలి గుండెలకి హత్తుకుంది. నీళ్ళన్నీ బట్టల మీద కారాయి, నువ్వులు మెడకి అంటుకున్నాయి.

వీరవేణి కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చేతులు చాపించి మళ్ళీ పోసింది. ఈసారి ధాత్రి దోసిలి పైకెత్తి, ఆ నీళ్ళు తాగేసింది. ఒక్క చుక్క బేసినులో పడలేదు.

వీరవేణి ఆ ఖాళీ బేసిను కేసి వంగి చూసింది. ఎన్నో వారాల తరవాత ఆవిడకు నిజంగా ఏదో అనిపించింది. ఇరవై ఆరుమందిలో ఒక్కరు కూడా ఇలా చెయ్యలేదు. మందు మత్తులో, తొమ్మిది రోజుల ఏడుపు తరవాత, ఒక మెదడు పని పూర్తి చెయ్యనని మొండికేస్తోంది. ఎలా? ఏ భాగం అడ్డుపడుతోంది? వయసు వల్లా? ముందే విషయం తెలిసి కూర్చోవడం వల్లా? ఆనందంతో ఆవిడ చెంబు మళ్ళీ నింపుకుంది. మూడోసారి పోద్దామని చెంబు వంచేసరికి ధాత్రి ఆ చేతినే పట్టేసుకుంది. చెంబు కింద పడి దొర్లింది. త్రిమూర్తులు ఇటు తిరిగి చూసి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ధాత్రి కళ్ళు తెరిచింది. తొమ్మిది రోజుల కిందట తగలబెట్టి వచ్చిన తల్లి, తన చేతికి చెయ్యిచ్చి, మొహం మీదికి వంగి, కళ్ళు మిలమిలలాడుతూ నిలబడి ఉంది.

"అమ్మా," అంది. "ఉన్నావా? అమ్మా, ఉన్నావా నువ్వు? నేను వదల్లేదు అమ్మా. వదలమన్నారు, నేను వదల్లేదు. ఇంక నిన్ను వదలను, నువ్వు ఎలా ఉన్నా పర్లేదు, ఉంటే చాలు." రెండు చేతుల వేళ్ళూ తల్లి మణికట్టు చుట్టూ బిగుసుకుపోయాయి.

"మంచిది, అలాగే మాట్లాడుతూ ఉండు," అంది వీరవేణి, ఎడమచేత్తో బల్ల మీది నోట్‌బుక్ దగ్గరికి లాక్కుంటూ. "ఏమనిపించిందో ఒక్కటీ మర్చిపోకుండా చెప్పు."

రాయడానికి కుడిచెయ్యి కావాలి. అందుకని ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా, విడదీసింది.